ప్రశ్న అమ్మాయినే అడగనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సాయంత్రమైతే క్రికెట్, ఇంట్లో ఉంటే బొమ్మలు, ఈమధ్య గిటార్ కూడా మొదలుపెట్టింది. మూడూ ప్రాణం. లెక్కలంటే మాత్రం గిట్టదు, సైన్సు కూడా అంతంతమాత్రమే. ఆటల్లో, కళల్లో లెక్కలూ సైన్సూ ఉంటాయని, అక్కణ్ణుంచి మొదలుపెడితే పిల్లలకి ఇష్టం పుడుతుందని చదివాను. అప్పట్నుంచి తను బౌలింగ్ చేస్తుంటే "బంతి ఏ కోణంలో వెళ్ళిందో చెప్పు" అని, బొమ్మ వేస్తుంటే "ఇందులో త్రిభుజాలు ఎన్నున్నాయి" అని అడుగుతున్నాను. ఇప్పుడు నన్ను గ్రౌండుకి రావద్దంటోంది. బొమ్మల పుస్తకం దాచేస్తోంది. నేను చదివింది తెలుగు సాహిత్యం. లెక్కల్లో నాకే బొటాబొటి మార్కులు వచ్చేవి. నాలాంటిది ఇదెలా చెయ్యాలి? లేక ఆటలు తగ్గించి ఆ టైము కూడా లెక్కలకే పెట్టించమంటారా?
– ఒక తల్లి

సమాధానం: మీ అమ్మాయి మీద నాకేమీ ఫిర్యాదు లేదండీ. బంతి వేసి, అది ఎక్కడ పడిందా అని చూసుకుంటున్న పిల్లని పట్టుకుని కోణం ఎంతని అడిగితే ఎవరైనా రావద్దనే అంటారు. మీరు చదివిన మాటలో తప్పులేదు. దాన్ని అమల్లో పెట్టిన తీరే తేడా కొట్టింది. ఆ కోణం ఎంతో తెలుసుకోవాలని మీకూ లేదు, ఆమెకీ లేదు. తెలిస్తే తర్వాతి బంతి బాగా పడుతుందా అంటే అదీ లేదు. ఎవరికీ అక్కర్లేని ప్రశ్న అడిగితే అది పరీక్షే అవుతుంది. పరీక్ష గ్రౌండు దాకా వస్తే పిల్లకి గ్రౌండు కూడా చేదవుతుంది.

అందుకని ముందుగా ఒక నెల రోజులు ఏమీ అడక్కండి. వినండి చాలు. ముఖ్యంగా ఆమె విసుక్కున్నప్పుడు వినండి. "నా బాల్ ఎంత స్పీడో ఏంటో", "కొత్త బంతి ఇచ్చినా స్వింగ్ అవట్లేదు", "ఈ రోడ్డు దూరంగా పోతున్నట్టే లేదు, ఎన్నిసార్లు వేసినా అంతే", "ఈ తీగ శ్రుతిలోనే ఉంది, పైకి వెళ్తే మాత్రం తేడాగా మోగుతోంది". ఇష్టమైన పనిలో చెయ్యి ఆడక ఆగిపోయిన చోట పుట్టే ప్రశ్నలివి. లెక్కలూ సైన్సూ పనికొచ్చేది ఆ చోటే. గణితం కూడా చాలావరకు అలాగే పుట్టింది. పందెం ఆట మధ్యలో ఆగిపోతే అక్కడున్న డబ్బు ఆటగాళ్ళు ఎలా పంచుకోవాలన్న చిక్కు మీద 1654లో ఫ్రాన్సు గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నారు. సంభావ్యత సిద్ధాంతం అక్కడే మొదలైందంటారు. వాళ్ళనెవరూ "ఈ పాచికలో ముఖాలెన్ని, అంచులెన్ని" అని అడగలేదు.

మీ అమ్మాయి మూడు ఇష్టాల్లో బౌలింగ్‌తో మొదలుపెట్టడం తేలిక. ఎందుకంటే ఎంత వేగంగా వేస్తున్నానో తెలుసుకోవాలని లేని బౌలర్ ఉండదు. దీనికి స్పీడ్ గన్ అక్కర్లేదు, ఫోన్ చాలు. ఒకరు పిచ్‌కి పక్కగా, కాస్త దూరంగా నిలబడి, బౌలరూ బ్యాటరూ ఇద్దరూ ఫ్రేములో ఉండేలా ఫోన్ కదలకుండా పట్టుకుని వీడియో తియ్యాలి. తర్వాత ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరుపుతూ, బంతి చేతినుంచి విడిపోయిన ఫ్రేమ్ నుంచి బ్యాటు దగ్గరికి చేరిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టాలి. మామూలు వీడియో సెకనుకి 30 ఫ్రేములు. 27 ఫ్రేములు వచ్చాయనుకుందాం, అంటే 0.9 సెకను. ఇక దూరం. వికెట్ల మధ్య 20.12 మీటర్లుంటుంది గానీ బంతి అంతదూరం పోదు. బౌలర్ ముందు క్రీజు దగ్గర వదులుతుంది, బ్యాటర్ అవతలి క్రీజు దగ్గర ఆడుతుంది. రెండు క్రీజుల మధ్య దాదాపు 17.7 మీటర్లు. పిల్లలు పొట్టి పిచ్ మీద ఆడుతుంటే టేపు పెట్టి కొలుచుకోవాల్సిందే. 17.7ని 0.9తో భాగిస్తే సెకనుకి 19.7 మీటర్లు, 3.6తో గుణిస్తే గంటకి 71 కిలోమీటర్లు.

అసలు సైన్సు ఇక్కణ్ణుంచే. అదే వీడియో ఆమె స్నేహితురాలు లెక్కపెడితే 26 ఫ్రేములు రావచ్చు. అప్పుడు వేగం 73 దాటుతుంది. ఇంకొకరు 28 అంటే 68 చిల్లర. బంతి ఒకటే, వీడియో ఒకటే, జవాబులు మూడు. ఎవరిది కరెక్టని పిల్లలు పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనివ్వండి. ఒక్క ఫ్రేమ్ తేడాకి రెండున్నర కిలోమీటర్లు మారిపోతున్నప్పుడు "నిన్న 71, ఇవాళ 72, స్పీడ్ పెరిగింది" అనుకోవడంలో అర్థం ఉందా అన్నది వాళ్ళకే తోస్తుంది. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంటే ఒక్క ఫ్రేమ్ పొరపాటు విలువ గంటకి కిలోమీటరులో మూడో వంతుకి పడిపోతుంది. కొలతలో ఎంత పొరపాటుకి చోటుందో చెప్పకపోతే ఆ కొలతకి విలువ లేదని కాలేజీ లాబుల్లో ఏళ్ళ తరబడి చెప్పినా చాలామందికి ఎక్కదు. పందెం కాసిన పిల్లకి ఒక్క సాయంత్రంలో ఎక్కుతుంది. టీవీలో చూపించే వేగాలతో పోల్చుకుని నీరసపడితే మాత్రం ఒక మాట చెప్పండి: అక్కడ రాడార్ చూపించేది చేతినుంచి వదిలినప్పటి వేగం. ఈమె లెక్కలో వచ్చింది దారంతటికీ సగటు. గాలి ఆపుతుంది, నేల తగిలి ఇంకొంత పోతుంది, కాబట్టి సగటు ఎప్పుడూ తక్కువే.

స్వింగ్ సంగతి ఇంత తేలిక కాదు, కానీ మీ అమ్మాయికి దీని మీదే ఎక్కువ ఆసక్తి ఉండొచ్చు. కుట్టుని కాస్త పక్కకి వంచి పట్టుకుని వేస్తే, కుట్టున్న వైపు గాలి దాన్ని దాటేటప్పుడు చెదిరి సుడులు తిరుగుతుంది. అలా చెదిరిన గాలి బంతిని తొందరగా వదలకుండా ఇంకాస్త వెనక్కి దాకా అంటుకుని పోతుంది. నున్నటి వైపు గాలి ముందే విడిపోతుంది. రెండు వైపులా గాలి ఒకేచోట విడిపోకపోవడంతో వెనకాల గాలి ఒక పక్కకి మళ్ళుతుంది, బంతి రెండో పక్కకి, అంటే కుట్టు చూపించే వైపుకి వంగుతుంది. వేగం బాగా పెరిగినా, బంతి ఒక వైపు బాగా గరుకెక్కినా ఈ కథ తిరగబడుతుంది, అదే రివర్స్ స్వింగ్. ఇదంతా మీరు వివరించాల్సిన పనిలేదు. ఆమె తనంతట తానే ఆరు బంతులు కుట్టు నిలువుగా పెట్టి, ఆరు వంచి పెట్టి వేసి, ఎన్ని వంగాయో రాసుకుంటే చాలు. ఒక్కటే షరతు: ఒకసారికి ఒక్క సంగతే మార్చాలి. పట్టూ మార్చి, రనప్పూ మార్చి, బంతీ మార్చితే దేనివల్ల వంగిందో తేలదు.

ఇక బొమ్మల దగ్గరికి వస్తాను. నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం చదవగానే నాకు తట్టింది ఇదే.

దూరంగా పోయే రోడ్డు, పక్కన వరసగా ఒకే ఎత్తు చెట్లు, వాటి మధ్య సమాన దూరం. ఈ బొమ్మ వెయ్యని పిల్లలుండరు. మొదటి చెట్టు 12 సెంటీమీటర్లు వేశాం. రెండోది ఎంత ఉండాలి? చాలామంది చెట్టుచెట్టుకీ ఒకే కొలత తగ్గిస్తూ పోతారు: 12, 10, 8, 6, 4, 2. అలా పోతే ఏడో చెట్టు సున్నా, మాయమైపోతుంది. ఎదురుగా నిజంగా నిలబడ్డ చెట్టు అలా ఎందుకు మాయమవుతుంది? ఇంకొందరు సగం సగం చేస్తారు: 12, 6, 3, ఒకటిన్నర. మాయమైతే అవ్వవు గానీ, చూస్తే చెట్ల మధ్య దూరం పోనుపోను పెరుగుతున్నట్టుంటుంది. నిజానికి ఆ బొమ్మ చెప్పేది కూడా అదే. కంటికి కనిపించే ఎత్తు సగమైందంటే దూరం రెట్టింపైందని అర్థం. ప్రతిసారీ సగం చేస్తే ప్రతిసారీ దూరం రెట్టింపు చేసినట్టే.

మరి సరైనదేది? చూసే మనిషికీ మొదటి చెట్టుకీ ఎంత దూరమో చెట్టుకీ చెట్టుకీ అంతే దూరం అనుకుంటే, రెండో చెట్టు రెండు రెట్ల దూరంలో ఉంది, మూడోది మూడు రెట్ల దూరంలో. కాబట్టి ఎత్తులు 12ని 1తో, 2తో, 3తో, 4తో భాగించినవి: 12, 6, 4, 3, 2.4, 2. మొదట గబుక్కున పడిపోయి, తర్వాత నెమ్మదిగా తగ్గుతూ, ఎన్ని చెట్లు వేసినా సున్నా కాకుండా పోతుంది. మూడు వరసలతో మూడు బొమ్మలు పక్కపక్కన వేసి చూస్తే ఏది నిజంగా దూరం పోతోందో కన్నే చెప్పేస్తుంది, పుస్తకం అక్కర్లేదు. ఇటలీలో ఫ్లోరెన్స్ నగరపు శిల్పి బ్రునెలెస్కీ 15వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అద్దం పెట్టి చూపించిన, ఆ తర్వాత చిత్రకారులంతా నేర్చుకున్న దృక్కోణ చిత్రణకి పునాది ఈ భాగహారమే.

ఆమె నమ్మకపోతే ఇంకా మంచిది. సమాన దూరంలో తిన్నగా నిలబెట్టిన ఒకే ఎత్తు స్తంభాల వరసని ఫోన్ అటూ ఇటూ ఒరగకుండా పట్టుకుని ఫొటో తీసి, ఒక్కో స్తంభం ఎత్తు స్కేలుతో కొలవమనండి. మొదటిదాని ఎత్తుని మిగతావాటి ఎత్తులతో విడివిడిగా భాగిస్తే వచ్చే అంకెలు సమానంగా పెరుగుతూ పోతాయి. అంకెకీ అంకెకీ మధ్య ఒకే తేడా. మొదటి స్తంభం మరీ దగ్గరగా ఉన్నా, మరీ దూరంగా ఉన్నా ఈ గుణం మారదు. పై క్లాసులకి వెళ్ళాక మాస్టారు బోర్డు మీద అంకశ్రేఢి, గుణశ్రేఢి, హరాత్మక శ్రేఢి అని మూడు పేర్లు రాస్తారు. చెట్లు మాయమైనది మొదటిది, దూరాలు రెట్టింపైనది రెండోది, సరిగ్గా కుదిరింది మూడోది. ఆ రోజు మీ అమ్మాయి బొమ్మల పుస్తకం తెరుస్తుందో లేదో గానీ, ఆ పేర్లు ఆమెకి గాల్లో వేలాడవు.

గిటార్ కూడా ఇందులోకే వస్తుంది, కాస్త మెలికతో. గిటార్ మెడ మీద తీగల కింద అడ్డంగా ఉండే కడ్డీలే ఫ్రెట్లు. వాటి మధ్య ఖాళీలు కిందికి పోయేకొద్దీ చిన్నవవుతాయి కదా. చెట్ల ఎత్తుల్లాగే తగ్గుతున్నాయా, వేరేగానా? స్కేలు ఆమె చేతిలో పెట్టండి. తీగ పొడవు 650 మిల్లీమీటర్లుండే గిటార్ అయితే మొదటి ఖాళీ 36.5 మిల్లీమీటర్లు, రెండోది 34.4, మూడోది 32.5 ఉంటాయి. ఏ ఫ్రెట్ దగ్గరైనా అక్కణ్ణుంచి బ్రిడ్జి దాకా, అంటే తీగ రెండో కొస ఆనే చోటు దాకా, మిగిలిన తీగ పొడవుని తర్వాతి ఖాళీతో భాగిస్తే ఎప్పుడూ దాదాపు 17.8 వస్తుంది. అంటే ప్రతి ఖాళీ ముందుదాంట్లో ఒకే నిష్పత్తి, గుణశ్రేఢి. బొమ్మలో పనికిరానిది ఇక్కడ సరిగ్గా కూర్చుంది. 16వ శతాబ్దంలో ల్యూట్ వాయించే విన్చెంజో గలిలేయి, మిగిలిన తీగలో పద్దెనిమిదో వంతు దగ్గర ఫ్రెట్ పెట్టమని చెప్పాడు. ఇప్పటి లెక్కకి అది చాలా దగ్గర. ఆయన కొడుకే టెలిస్కోప్ గెలీలియో. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ సరిగ్గా సగమవుతుంది, స్వరం అదే స్వరమై పై స్థాయిలో పలుకుతుంది.

చెట్ల వరస కూడా అదే తీగ మీద ఉంది. తీగని నొక్కకుండా సగం దగ్గర, మూడో వంతు దగ్గర, నాలుగో వంతు దగ్గర వేలు ఊరికే ఆనించి మీటితే సన్నగా, గంట కొట్టినట్టు మోగుతుంది. మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఆనిస్తే మొద్దుగా ఆగిపోతుంది. సగం, మూడో వంతు, నాలుగో వంతు. రెండో చెట్టు, మూడో చెట్టు, నాలుగో చెట్టు. ఈ పోలిక మీరు చెప్పేయకండి. రెండూ కొలిచిన పిల్ల తనే పట్టుకుంటే ఆ ఆనందం వేరు, పట్టుకోకపోయినా పోయేదేం లేదు.

ఇలాంటివి నెట్‌లో వెతికితే మీకు ముందు తగిలేది సువర్ణ నిష్పత్తి, 1.618. నత్తగుల్లలో ఉందనీ, అందమైన ముఖాల్లో ఉందనీ, పాత కట్టడాలన్నింట్లో ఉందనీ గీతలు గీసి మరీ చూపిస్తారు. చాలావాటిలో గీతలు ఎక్కడ మొదలవ్వాలో గీసినవాళ్ళ ఇష్టం. నాటిలస్ గుల్ల కొలిస్తే సాధారణంగా ఆ అంకె రాదు. పొద్దుతిరుగుడు పువ్వు మధ్యలోని గింజల మెలికలు మాత్రం లెక్కపెట్టి చూడొచ్చు. ఒక వైపు 34, ఇంకో వైపు 55 లాంటి అంకెలు తరచూ నిజంగానే వస్తాయి. కొలిచి చూడ్డానికి వీల్లేనిది అమ్మాయికి పంపకండి.

మార్కుల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. చెట్లు కొలిచినంత మాత్రాన వచ్చే యూనిట్ టెస్టులో మార్కులు పెరగవు. భిన్నాల కూడికలూ సమీకరణాలూ చేత్తో చేసి చేసి అలవాటు కావాల్సినవి, దానికి దగ్గరదారి లేదు. ఆమెకి ట్యూషనుంటే ఉంచండి. పాత క్లాసుల్లో భాగహారం దగ్గరో భిన్నాల దగ్గరో గండి పడిందేమో ఆమె మాస్టారిని అడిగి తెలుసుకోండి. ఎనిమిదిలో లెక్కలంటే గిట్టని పిల్లల్లో చాలామందికి అసలు చిక్కు ఐదో ఆరో క్లాసులో ఉంటుంది. ఆటల వల్ల వచ్చేది వేరు: ఈ అంకెలు నిజంగా ఒక పనికొస్తాయన్న నమ్మకం. అందుకని ఆటలు తగ్గించమని నేను చెప్పను. గిట్టని దానికోసం ఇష్టమైనదాన్ని లాగేసుకుంటే గిట్టనిది ఇంకా గిట్టకుండా పోతుంది. రోజూ లెక్కలకొక అరగంట, అది అయ్యాక గ్రౌండు. ఆ అరగంటలో క్రికెట్ మాట, గ్రౌండులో లెక్కల మాట ఎత్తకండి, ఆమె ఎత్తితే తప్ప.

చివరిగా మీ సంగతి. సాహిత్యం చదివినదాన్ని, నాకు లెక్కలెక్కడివి అన్నారు. మీరు పరీక్షలో రాసి ఉంటారు, లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నాలుగు మాత్రల్ని ఎన్ని రకాలుగా నింపొచ్చు? నాలుగు లఘువులు ఒకటి, రెండు గురువులు ఒకటి, ఒక గురువూ రెండు లఘువులూ అయితే గురువు ముందో మధ్యలోనో చివరో, మూడు. మొత్తం ఐదు. మూడు మాత్రలకైతే మూడు రకాలు. ఇప్పుడు ఐదు మాత్రలకి రాయక్కర్లేకుండానే చెప్పొచ్చు. చివర లఘువుంటే ముందు మిగిలింది నాలుగు మాత్రలు, ఐదు రకాలు. చివర గురువుంటే మిగిలింది మూడు, మూడు రకాలు. కలిపి ఎనిమిది. తర్వాత 13, ఆ తర్వాత 21. ఫిబొనాచి వరస అని మీ అమ్మాయి పుస్తకంలో ఉండే అంకెలివే. ఇటలీ గణితవేత్త ఫిబొనాచి పుస్తకం 1202లో వచ్చింది. అంతకుముందే, 12వ శతాబ్దంలో, జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు కోసం ఈ లెక్క చెప్పి ఉన్నాడు. పొద్దుతిరుగుడు గింజల్లో 34, 55 అన్నాను చూడండి, అవీ ఈ వరసలోవే.

"యమాతారాజభానసలగం" కూడా కంఠతా వచ్చే ఉంటుంది. ఏ అక్షరం దగ్గర మొదలెట్టి మూడక్షరాలు తీసుకుంటే ఆ గణం వస్తుందని గుర్తుపెట్టుకోవడానికి నేర్పారు. ఇంకో కంటితో చూడండి. మూడు చోట్ల రెండేసి అవకాశాలు, రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది గణాలు. విడివిడిగా రాస్తే 24 అక్షరాలు కావాలి. ఇక్కడ పదక్షరాల్లో ఎనిమిదీ, ఒక్కటీ తిరిగి రాకుండా ఇమిడిపోయాయి. పదికంటే తక్కువలో కుదరదు కూడా. పైగా చివరి "లగం", మొదటి "యమా" రెండూ లఘువు, గురువే. అంటే చివరి రెండూ తీసేసి మిగిలిన ఎనిమిదిని గుండ్రంగా రాస్తే వలయం పూర్తవుతుంది. లఘువుకి 0, గురువుకి 1 పెడితే కంప్యూటర్ వాళ్ళకి బాగా తెలిసిన సరుకిది. డచ్ గణితవేత్త డి బ్రౌన్ పేరుతో పిలుస్తారు.

కాగితం మీద ఎనిమిది గళ్ళు గుండ్రంగా గీసి, ముందు ఈ వలయం నింపి చూపించండి. ఎక్కడ మొదలెట్టి చదివినా వరస ఒకటే అనుకుంటే, మూడక్షరాల గణాలన్నీ ఒక్కోసారే వచ్చే వలయాలు మొత్తం రెండే ఉన్నాయి. రెండోది ఇద్దరూ చెరో కాగితం మీద వెతకండి. మీకు ఛందస్సు వచ్చుగా అని ఆమెకి ముందుగా రెండు నిమిషాలు వదిలిపెట్టకండి, అది ఆమెకి నచ్చదు.